నిశ్శబ్దం! నాన్న పిట్టను చూస్తున్నాడు

మూడో తరగతి పిల్లల మీద చదువుల భారం మరీ ఎక్కువైపోయిందని, ఆ భారం తగ్గించి ఎవరి బాల్యం వాళ్లకు తిరిగి ఇచ్చేయాలని బడి యాజమాన్యం తీర్మానించింది. అందుకోసం కొత్తగా ఇంకో పరీక్ష పెట్టింది.

పరీక్ష పేరు ‘ఆనంద పక్షి వీక్షణం’. విద్యార్థి తన ఇంటి పెరట్లో కూర్చుని, వచ్చే పక్షులను, పోయే పక్షులను చూసి ఆనందించవలెను. ఆనందమునకు మార్కులు వేయబడును. నెలాఖరు ఆదివారంనాడు తనిఖీ బృందము ఇంటింటికీ వచ్చి, పెరట్లో పక్షిని, పక్షి ఎదుట విద్యార్థిని, విద్యార్థి మొహంలో ఆనందమును స్వయంగా చూసి ధ్రువీకరించును. ఆనందించుటలో వెనకబడినవారు వచ్చే ఏడు బి సెక్షనులో వేయబడుదురు.

బి సెక్షను అనగా ఏమిటో ఆ వీధిలో చూసినవాళ్లు లేరు. చూసినవాళ్లు ఉంటే ఇల్లు మారిపోయి ఉంటారు. ‘ఏ’ సెక్షనులో పడినవాడు డాక్టరో ఇంజనీరో అవుతాడని, బి సెక్షనులో పడినవాడు మాత్రం పెద్దవాడవుతాడని, అంతకంటే ఏమీ అవడని అందరికీ గట్టి నమ్మకం.

నీటి సరఫరా ఆఫీసు గుమాస్తా ఆ కాగితాన్ని చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, చాలా కాలం తర్వాత తన ఇంటికి పెరడనేది ఒకటుందని గుర్తు తెచ్చుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పిల్లలకిచ్చిన ఇంటిపని తండ్రులు చేయడం ఆ వీధి ఆచారం. ఇందులో దాపరికమేమీ లేదు. కూరల కొట్టు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు కలిస్తే, “ఎక్కాలు ఎందాకా వచ్చాయండీ?” అని ఒకరు, “పదమూడు దగ్గర ఆగిపోయానండీ, నోరు తిరగడం లేదు” అని ఇంకొకరు మర్యాదగా పలకరించుకుంటారు. మన గుమాస్తా ఈ విద్యలో ఆరితేరినవాడు. అట్టముక్కలతో ఓడ చేశాడు. అగ్గిపుల్లలతో గోపురం కట్టాడు. అగ్నిపర్వతం చేసినప్పుడైతే అది నిజంగానే పేలి హాల్లో తెరలు తగలబడ్డాయి. ఆ ఏడు సైన్సులో ఆయనే ఫస్టు. చిన్నప్పుడు మూడో తరగతి రెండుసార్లు తప్పిన మనిషి, కూతురి పుణ్యమా అని ఇన్నాళ్లకు క్లాసులో తలెత్తుకుని తిరుగుతున్నాడు.

ఆ కూతురి పేరు బడి రిజిస్టరులో వేరే ఉన్నా ఇంట్లోనూ వీధిలోనూ అంతా పిడుగు అనే పిలుస్తారు. ఎక్కడ పడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి ఆ పేరు.

ఇక పక్షుల సంగతి. వీధిలో పెరళ్లన్నీ సిమెంటు పరుచుకుని శుభ్రంగా ఉన్నాయి. మట్టి ఉంటే గడ్డి, గడ్డి ఉంటే పురుగు, పురుగు ఉంటే పిట్ట, పిట్ట ఉంటే రెట్ట అని వరుసగా భయపెట్టి, ఇంటింటికీ సిమెంటు చేయించినవాడు గుమాస్తా పక్కింటి కాంట్రాక్టరు. ఇప్పుడు అదే సిమెంటును పగలగొట్టే పని కూడా ఆయనకే అప్పజెప్పారు. వేసినవాడికే కదా ఎక్కడ పగలగొట్టాలో తెలిసేది.

ఆ కాంట్రాక్టరే వీధి సంఘం అధ్యక్షుడు కూడా. సభ పెట్టి, మైకు అవసరం లేని గదిలో మైకు పట్టుకుని ఉపన్యసించాడు.

“సోదర సోదరీమణులారా! పక్షులే పిల్లలు! పిల్లలే పక్షులు! అలాంటి పక్షులను మన పిల్లలు ఎందుకు చూడలేకపోతున్నారు? వీధి చివరి పెద్ద చెట్టు వల్ల! పక్షులన్నీ పోయి ఆ చెట్టులో దాక్కుంటున్నాయి! ఒక్కటి కూడా సరిగ్గా కనబడి చావదు! ఆ చెట్టు గనక లేకపోతే, అవి ఎక్కడికి పోతాయి? మన పెరళ్లలోకే వస్తాయి! రాక చస్తాయా!”

చప్పట్లు మోగాయి. ఇంత చిన్న విషయం తమకు తట్టనందుకు కొందరు తలలు దించుకున్నారు. రెండు రోజుల్లో చెట్టు కొట్టేశారు. అది కూలిన సాయంత్రం నిజంగానే వీధి మీద పక్షులు గుంపులు గుంపులుగా తిరిగాయి. పెద్దలంతా డాబాలెక్కి, “చూశారా, ఎన్నున్నాయో!” అని మురిసిపోయారు. మర్నాటి నుంచి ఒక్కటీ కనబడలేదు. బహుశా పెరళ్లు వెతుక్కుంటూ ఉంటాయని సంఘం ప్రకటించింది.

వాటికి దారి చూపించడానికి ఒకాయన పెరట్లో కోయిల కూత వినిపించే పెట్టె పెట్టాడు. ఎదురింటాయన కూడా పెట్టాడు. ఈ పెట్టె కూయగానే ఆ పెట్టె బదులిచ్చేది. వారం తిరిగేసరికి ఆ రెండు పెట్టెలూ ఒకదాన్ని విడిచి ఒకటి ఉండలేని స్థితికి వచ్చాయి. కోయిల మాత్రం రాలేదు. కాంట్రాక్టరు ఎవరినీ నమ్ముకోలేదు. అద్దెకు పావురాలు తెప్పించి, కాళ్లకు సన్నదారాలు కట్టించి, తెల్లగా ఉంటే చూడ్డానికి పేలవంగా ఉన్నాయని వాటికి నీలం రంగు వేయించాడు.

ఇన్ని పెరళ్లలోనూ సిమెంటు పడనిది గుమాస్తాది ఒక్కటే. అది ఆయన గొప్ప కాదు. సిమెంటు వేసే రోజున ఆయన తల్లి పెరట్లో నిమ్మచెట్టు కింద కుర్చీ వేసుకుని, “నా మీద కూడా పొయ్యండి, ఓ పనైపోతుంది” అని కదలకుండా కూర్చుంది. అలా ఆ చెట్టూ, చెట్టు కింద నాలుగు అడుగుల మట్టీ మిగిలాయి. వీధిలో అది గుమాస్తాకు తలవంపుగా ఉండేది.

ఒక సాయంత్రం ఆ చెట్టులోకి పోయిన బంతిని తీసుకోబోయి పిడుగు అలాగే నిలబడిపోయింది. తర్వాత పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి తండ్రి చెవిలో, “నాన్నా, గూడు! పిగిలిపిట్ట! తలమీద నల్లటి కుచ్చు కూడా ఉంది! లోపల పిల్లలున్నాయి. చిన్నవి, ఈకలు కూడా రాలేదు. నోళ్లు మాత్రం ఇంతింత తెరుస్తున్నాయి!” అంది.

గుమాస్తా చెట్టు దగ్గరికి పరుగెత్తాడు. తొంగి చూశాడు. నిజమే. రెండు కొమ్మల మధ్య దోసిలంత గూడు. రంగు వెయ్యని, దారం కట్టని, అద్దెకు తేని పిట్ట! ఏ సెక్షను తనంత తానే వచ్చి ఇంట్లో గూడు కట్టుకుంది.

వెంటనే ఆయన తగిన ఉత్తర్వులు జారీ చేశాడు. ఇంత ముఖ్యమైన పని పిల్లల చేతుల్లో పెట్టడం ప్రమాదం కాబట్టి, నేటి నుంచి పక్షి వీక్షణం తానే స్వయంగా నిర్వహిస్తాడు. పక్షి బెదిరిపోయే అవకాశం ఉంది కాబట్టి, పరీక్ష పూర్తయ్యేవరకు పిడుగు పెరట్లో అడుగు పెట్టరాదు.

“గూడు చూసింది నేను కదా!” అంది పిడుగు.

“చూశావు కదా. చాలు. ఇంక చదువుకో.”

“ఏం చదవాలి?”

“పక్షుల గురించి.”

అందుకు ఏర్పాట్లు అప్పటికే జరిగిపోయాయి. బడి డ్రాయింగు మాస్టారు తన ఇంటి ముందుగదిలో పక్షి వీక్షణానికి ట్యూషను తెరిచాడు. బయట పిట్టల గోలకు పిల్లల దృష్టి చెదరకుండా కిటికీలన్నీ మూసి, దీపం వేసి చెప్పేవాడు. “పిగిలిపిట్ట! నివాసం, పొదలు! ఆహారం, పండ్లు మరియు పురుగులు! దాన్ని చూసినప్పుడు మనకు కలిగేది, ఆనందము!” అని పిల్లలంతా ఒక్క గొంతుతో పాడేవారు. వీధిలో పోయేవాళ్లు విని, పాపం బాగా ఆనందిస్తున్నారని మెచ్చుకునేవారు. పిడుగు అక్కడ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆనందించి వచ్చేది.

ఇక్కడ గుమాస్తా దీక్ష మొదలైంది. ఆకుపచ్చ చొక్కా కుట్టించాడు. దుర్భిణి కొన్నాడు. గూటికీ ఆయనకూ మధ్య చెయ్యి చాస్తే అందేంత దూరమే అయినా దుర్భిణిలోంచే చూసేవాడు. దాన్ని వాడకుండా చూస్తే అది వీక్షణం కాదు, ఊరికే చూడడం అవుతుందని ఆయన అభిప్రాయం. మొదటిరోజు పిట్ట అనుమానంగా చూసిందని రెండో రోజు నెత్తికి ఆకులు కట్టుకున్నాడు.

తల్లి చేతిలో పిచికారీతో వచ్చి ఆగిపోయింది. “ఒరేయ్, నువ్వట్రా! నేనింకా చెట్టుకు చీడ పట్టిందనుకుని మందు కొట్టబోయాను.”

“ష్ష్! మెల్లగా అమ్మా. పిట్ట బెదురుతుంది.”

“నిన్ను కన్నదాన్ని, నాకే జడుపొచ్చింది. అదెందుకు బెదరదురా?”

పిడుగు తల్లి ఆస్పత్రిలో మందుల కౌంటరు చూస్తుంది. రోజూ రకరకాల మనుషులను చూసే ఉద్యోగం కాబట్టి ఆమె దేనికీ ఆశ్చర్యపోదు. కాఫీ గ్లాసు వంటింటి కిటికీలోంచి అందిస్తూ, “ఏమండీ, ఆ ఆకులు కట్టుకునే ఆఫీసుకు వెళ్లిపోయేరు, చూసుకోండి” అని మాత్రం అనేది. ఒకరోజు ఆయన అలాగే వెళ్లాడు. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లలోనూ సగం మందికి మూడో తరగతి పిల్లలున్నారు.

అయితే ఒక చిత్రం జరిగింది. నాలుగైదు రోజులు గడిచేసరికి గుమాస్తాకు ఏ సెక్షను గుర్తు రావడం తగ్గింది. తల్లిపిట్ట పురుగు తెస్తుంటే ఆయన నోరు తనకు తెలియకుండానే తెరుచుకునేది. వాన పడిన రోజు అది రెక్కలు గొడుగులా పరిచి పిల్లల మీద కూర్చుంటే, ఈయన కూడా గొడుగు సంగతి మరిచిపోయి తడిసి ముద్దయ్యాడు. భోజనాల దగ్గర ఇక ఆగలేకపోయాడు.

“ఇవాళ ఏం జరిగిందో తెలుసా? చిన్నది ఉంది చూడు, దానికి అందకుండా పెద్దదే అంతా మింగేస్తోంది. తల్లి చూసింది. పెద్దదాని నెత్తిమీద ముక్కుతో ఒక్కటి పొడిచి, చిన్నదాని నోట్లో...”

పిడుగు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “నోట్లో?”

గుమాస్తా తెలివి తెచ్చుకున్నాడు. “నోట్లోదేదో నోట్లోదిలే. అది పరీక్షకు రాదు. నువ్వు తిను.”

“నాన్నా, నేనేం అడగను. అవి ఎగిరేటప్పుడు మాత్రం ఒక్కసారి పిలువు. ఒక్కసారే. దూరం నుంచి చూస్తాను. ఊపిరి కూడా పీల్చను.”

“ఊపిరి పీల్చకపోతే ఎలాగే పిచ్చిదానా. పిలుస్తాలే.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“నాన్న ఒట్టు కాదు. నానమ్మ మీద ఒట్టు వెయ్యి.”

“నా మీదెందుకే మధ్యలో!” అంది నానమ్మ. “వెయ్యరా, వెయ్యి. ఎటూ పోయేదాన్నే కదా.”

వేశాడు. ఆ క్షణాన నిజంగానే పిలుద్దామనుకున్నాడు. అది ఆయన పక్షాన న్యాయంగా చెప్పుకోవాలి.

శుక్రవారం ఉదయం పిల్లలు గూటి అంచుమీదికెక్కి రెక్కలు తపతపలాడించాయి. గుమాస్తా ఆనందంతో లేవబోయి, మధ్యలో ఆగిపోయాడు. ఇవాళ శుక్రవారం. తనిఖీ ఆదివారం. ఇవి ఇవాళో రేపో ఎగిరిపోతే?

ఆయనది ఆఫీసు బుర్ర. తనిఖీ రోజున సీటులో మనిషి కనబడాలి. మిగతా రోజుల్లో ఎక్కడుంటేనేం! ఆఫీసులో ఇన్నేళ్లుగా నిష్ఠగా పాటించిన ఆ ఒక్క నియమాన్నీ ఆయన గూటికి వర్తింపజేశాడు. మంచం మీది దోమతెర ఊడదీసి, నిమ్మచెట్టుకు పైనుంచి కింది దాకా చుట్టి, తాడుతో బిగించాడు.

“ఏమండీ, రెక్కలొచ్చేది ఎగరడానికే కదండీ?” అంది భార్య.

“ఎగరొద్దని ఎవరన్నారు? ఎగరమను! ఆదివారం తనిఖీ అయ్యాక దర్జాగా ఎగరమను! రెండ్రోజులు ఓపిక పట్టలేవా? నేను ఇరవయ్యేళ్ల నుంచి పట్టడం లేదూ?”

తల్లిపిట్ట పురుగు పట్టుకొచ్చి తెర చుట్టూ తిరిగింది. ఒకచోట కన్నంలోంచి ముక్కు దూర్చింది. లోపలి పిల్లలు వచ్చి తెరకు వేలాడుతూ నోళ్లు తెరిచాయి. వంటింటి కిటికీ దగ్గర స్టూలు వేసుకుని నిలబడి ఇదంతా చూసిన పిడుగు కిటికీ చువ్వలకు మొహం ఆనించింది. తర్వాత తండ్రిని మెల్లగా అడిగింది.

“వాటికి కూడా ట్యూషను పెట్టావా నాన్నా?”

గుమాస్తా తాడు ముడి ఇంకోసారి బిగించాడు. “నీ మంచికేనే” అన్నాడు. ఆ రాత్రి దోమలు కుడితే ఆ నెపం మీద నిద్ర పోలేదు.

ఆదివారం వచ్చింది. తనిఖీ బృందంలో హెడ్మిస్ట్రెస్సూ పక్షిశాస్త్ర నిపుణుడూ ఉన్నారు. నిపుణుడు పక్షుల మీద లావుపాటి పుస్తకాలు రాసి రాసి మెడ పట్టేసినవాడు. గడ్డం కింద మందపాటి పట్టీ ఉండడం వల్ల తల పైకెత్తలేడు. అందుకని ఇన్నాళ్లుగా ఆయన ఎగిరే పక్షులను గుర్తించడం మానేసి, భుజం ఎత్తు లోపల కూర్చున్న పక్షులకే తన శాస్త్రాన్ని పరిమితం చేసుకున్నాడు.

ముందు కాంట్రాక్టరు ఇంటికి వెళ్లారు. నీలం పావురాన్ని నిపుణుడు స్వయంగా చేతిలోకి తీసుకున్నాడు. అరచెయ్యి నీలమైంది. గుమాస్తా గోడ మీంచి ఆశగా చూస్తున్నాడు.

“ఇది సుదూర ద్వీపాల నుంచి వలస వచ్చిన అతి అరుదైన పక్షి” అన్నాడు నిపుణుడు చెయ్యి చూసుకుంటూ. “మనిషి మీద నమ్మకం కుదిరితే, ఇది తన రంగులో కొంత భాగం ఇస్తుంది. నాకివాళ ఆ గౌరవం దక్కింది.”

హెడ్మిస్ట్రెస్ కన్నీళ్లు తుడుచుకుంది. కాంట్రాక్టరు కొడుకు, నేర్పినట్టే, మొహంలో ఆనందం పెట్టాడు. పూర్తి మార్కులు పడ్డాయి.

గుమాస్తా గోడ దిగి పరుగున లోపలికి వచ్చాడు. “పిడుగూ! నువ్వు పోయి చెట్టెదురుగా కుర్చీలో కూర్చో. దుర్భిణి పట్టుకో. ఆనందం మరిచిపోకు! నేను గుమ్మం దగ్గరికెళ్లి వాళ్లను తీసుకొస్తా. వాళ్లు పెరట్లోకి వచ్చే ముందు తెర తీసేస్తాను. ఏమీ ముట్టుకోకు!”

అలా పిడుగు తన పక్షి వీక్షణంలో మొట్టమొదటిసారి పెరట్లోకి అనుమతించబడింది.

ఆ పిల్ల కుర్చీలో కూర్చోలేదు. దుర్భిణిని కుర్చీలో కూర్చోబెట్టింది. తిన్నగా చెట్టు దగ్గరకు వెళ్లి తాడు ముడి విప్పింది. అది గుమాస్తా వేసిన ముడి కాబట్టి పెద్ద కష్టం కాలేదు. తెర జారి కిందపడింది.

గుమ్మం దగ్గర పెద్దలను కూర్చోబెట్టి, తెర తీయడానికని వచ్చిన గుమాస్తా వంటింటి మెట్టు మీద కొయ్యబారిపోయాడు. పెద్దపిల్ల గూటి అంచున ఊగుతోంది. తల్లిపిట్ట ఎదుటి గోడ మీద కూర్చుని, నోట్లో పురుగుతో, రమ్మన్నట్టు పిలుస్తోంది. పెద్దది దూకింది. కింద పడబోయి, పడకుండా, ఎలాగో గోడ చేరింది. రెండోది బట్టలారేసే తీగ మీద వాలి, ముందుకూ వెనక్కూ తూలి, నిలదొక్కుకుంది. చిన్నది మాత్రం ఎటు పోవాలో తెలియక గిరగిరా తిరిగి, ఆకుపచ్చగా ఏదో కనబడితే చెట్టే అనుకుని, వచ్చి గుమాస్తా భుజం మీద వాలింది.

“అయ్యో! తనిఖీ...” అని ఆయన నోరు తెరిచాడు.

“ష్ష్! కదలకు నాన్నా!” అంది పిడుగు.

ఆయన కదలలేదు. పిట్టపిల్ల గుండె టకటకా కొట్టుకోవడం చొక్కాలోంచి తెలుస్తోంది. బరువు లేదు, వేడి ఉంది. కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు ఇంతింత చేసుకుని, నిజంగానే ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆ మొహంలో ఉన్నదాన్ని మార్కుల్లో వేసేవాళ్లెవరూ ఆ నిమిషాన పెరట్లో లేరు. తల్లిపిట్ట ఇంకోసారి పిలిచింది. చిన్నది ఎగిరి గోడమీదికీ, గోడ మీంచి ఆకాశంలోకీ పోయింది. తండ్రీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని, ఎందుకో తెలియకుండా ఒకేసారి నవ్వారు.

అప్పుడు బృందం పెరట్లోకి వచ్చింది.

“పక్షులేవీ?” అంది హెడ్మిస్ట్రెస్.

“ఇప్పుడే, ఈ క్షణమే ఎగిరిపోయాయండీ! ఇదిగో, ఈ భుజం మీద నుంచే!”

“మేం చూడ్డానికి వచ్చామండీ, వినడానికి కాదు.”

నిపుణుడు భుజం ఎత్తులో ఉన్న గూడును పరిశీలించి, “ఖాళీ” అని శాస్త్రీయంగా నిర్ధారించాడు. ఆ తర్వాత, వచ్చినందుకు ఏదో ఒకటి అడగాలి కాబట్టి, పిడుగు వైపు తిరిగాడు. “ఇన్నాళ్లూ నీ పెరట్లో నువ్వు కళ్లారా చూసింది చెప్పమ్మా. పక్షి రంగు?”

పిడుగు ఆలోచించింది. కళ్లారా చూసింది చెప్పమన్నారు. వంటింటి కిటికీలోంచి రోజూ చూసింది ఆ పిల్లకు బాగా గుర్తుంది.

“ఆకుపచ్చ. నెత్తిమీద ఆకులుంటాయి.”

నిపుణుడి మెడ పట్టీలోనే కదిలింది. “ఆకుల్లాంటి కుచ్చా? ఆహారం?”

“కాఫీ. వంటింటి కిటికీ దగ్గరకొచ్చి తీసుకుంటుంది.”

“అద్భుతం! మనుషులకు మాలిమి! కూత?”

“ష్ష్, ష్ష్ అంటుంది. నేను పెరట్లోకి రాబోతే ఇంకా గట్టిగా అంటుంది.”

“వలస వెళుతుందా?”

“పొద్దున్న ఆఫీసు వేళకు పోతుంది. సాయంత్రం మళ్లీ అదే కుర్చీలో వాలుతుంది.”

నిపుణుడు గబగబా కాగితం, కలం తీశాడు. “మేడమ్! ఇది ఏ పుస్తకంలోనూ లేదు! నా పుస్తకాల్లో కూడా లేదు! కొత్త జాతి! అమ్మా, ఈ జాతి పుట్టుకను, గుడ్లను ఎవరైనా చూశారా?”

“నేను చూశానండీ” అంది నానమ్మ వంటింటి గుమ్మంలోంచి. “గుడ్లేం లేవు. నేనే కన్నాను. తొమ్మిది నెలలు మోశాను. ఇదుగో, ఎదురుగానే నించున్నాడు.”

హెడ్మిస్ట్రెస్‌కు అర్థమైంది. నిపుణుడికి అర్థం చేయించారు. పెద్దలను పక్షులుగా చూసిన నేరానికి పిడుగుకు సున్న వేశారు. ‘ఆనందము కనబడినది గాని, అనుమతి పొందిన ఆనందము కాదు’ అని పక్కన రాశారు.

మరుసటి ఏటికి పిడుగు బి సెక్షనులో పడింది.

ఇంట్లో ఎవరో పోయినట్టే అయింది. చుట్టుపక్కలవాళ్లు వచ్చి, గొంతు తగ్గించి పలకరించి పోయారు. గుమాస్తా గడ్డం పెంచాడు. కూతుర్ని ఒక్క మాట కూడా అనలేదు. అనబోయినప్పుడల్లా భుజం మీద వెచ్చగా ఏదో తగిలినట్టై, నోరు వచ్చేది కాదు. “దానికేం తక్కువండీ, బాగానే ఉంది కదా” అని భార్య అంటే, “అదేనే నా భయం” అనేవాడు.

బడి తెరిచిన రోజు సాయంత్రం పిడుగు గంతులేసుకుంటూ వచ్చింది.

“నాన్నా! మా గదికి ఎన్ని కిటికీలో! వెనకంతా చెట్లే! పిగిలిపిట్టలు కూడా ఉన్నాయి నాన్నా, మా బెంచీ పక్కనే వాలతాయి! టీచరు కూడా పాఠం ఆపి చూస్తుంది! ఏ సెక్షను వాళ్ల కిటికీలకు పైదాకా సున్నం వేసేశారు, బయటికి చూస్తే చదువు పోతుందట. మా కిటికీలకు వెయ్యడం మరిచిపోయారు!”

గుమాస్తా మొహం విప్పారింది. చాలా రోజుల తర్వాత కూతుర్ని ఎత్తుకున్నాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే కాంట్రాక్టరు గోడ మీంచి పలకరించాడు. “గుమాస్తాగారూ, మావాడి గది చూశారా? ఒక్క కిటికీ కనబడదండీ! అసలు పగలో రాత్రో తెలియదు! అలాంటి చోట చదువు రాక ఛస్తుందా? మీ అమ్మాయి గదికి కిటికీలున్నాయట కదా. పాపం.”

ఆ ‘పాపం’ అన్నది గుమాస్తాను సూదిలా పొడిచింది. తన కూతురికి కిటికీలా? తనేం ఫీజు తక్కువ కడుతున్నాడా? రాత్రి పడుకోబోతూ భుజం తడుముకున్నాడు. అక్కడ ఇప్పుడేమీ లేదు.

ఆదివారం బి సెక్షను తల్లిదండ్రులందరినీ తన ఇంటికి పిలిచాడు. జీవితంలో మొదటిసారి లేచి నిలబడి ఉపన్యసించాడు.

“మిత్రులారా! ఒకే బడి! ఒకే ఫీజు! వాళ్ల పిల్లలకు సున్నమా? మన పిల్లలకు కిటికీలా? మన పిల్లలేం పాపం చేశారు? వాళ్లకు కూడా ఏమీ కనబడని చదువు కావాలి! అది మన హక్కు!”

చప్పట్లకు ఇల్లు అదిరింది. అప్పటికప్పుడు అర్జీ తయారైంది. మొదటి సంతకం గుమాస్తాదే. కలం కాగితానికి ఆనించబోతుండగా పెరటివైపు నుంచి పిగిలిపిట్ట కూసింది. ఆయన చెయ్యి ఆగింది. ఒక్క క్షణం మొహంలో మూడో తరగతి మళ్లీ కనిపించింది.

“ఎవరండీ, ఆ కిటికీ కాస్త మూయండి” అన్నాడు. “సంతకం వంకర పోతోంది.”

మూశారు. అంతా వరుసగా సంతకాలు చేశారు.

యాజమాన్యం పెద్ద మనసు చేసుకుని అర్జీని వెంటనే మన్నించింది. సున్నం డబ్బాలు వచ్చిన రోజున పిడుగు ఇంటికి వచ్చి, “నువ్వు అడిగావా నాన్నా?” అంది. “నీ మంచికేనే” అన్నాడాయన. ఆ పిల్ల ఇంకేమీ అనలేదు. ఏమీ అనకుండా ఊరుకోవడం ఆ పిల్ల జన్మలో అదే మొదటిసారి.

కిటికీలకు సున్నం వేయుటలో ఎవరికైనా అభ్యంతరములున్నచో వచ్చి తెలుపవలెనని బడి గేటుకు నోటీసు అంటించారు. వానకు తడిసి అదంతట అది ఊడిపోయేవరకూ ఉంచారు. ఎవరూ రాలేదు.

మీరు కూడా రాలేదు.